ఉరికే కాళ్లు ఏ జట్టువి?

తెల్లవారుజామున కరీంనగర్ అంబేద్కర్ స్టేడియానికి గానీ, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియానికి గానీ వెళ్లి చూడండి. మసక చీకటిలోనే యువకులు, యువతులు గుంపులుగా ఉరుకుతూ కనిపిస్తారు. వారిలో చాలామంది పోలీసు, సైన్యం ‘ఈవెంట్స్’ (శారీరక పరీక్షలు) కోసం ఉరుకుతున్నవారే. పురుషులకు దూరం 1600 మీటర్లు. 2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ కావాలంటే పురుషులు ఈ దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. సైన్యంలో అయితే ఐదున్నర నిమిషాల్లో ముగించినవారికే ఆ పరుగుకు పూర్తి మార్కులు.

“ఎవరి తరఫున ఉరుకుతున్నవ్ బిడ్డా?” అని వారిని అడిగితే జిల్లా పేరో రాష్ట్రం పేరో చెప్పేవారు తక్కువ. “నౌకరి కోసం” అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచస్థాయి దూరపరుగులో ఒక మనిషి ఏ జట్టు జెర్సీ వేసుకుంటాడు, ఏ దేశం జెండా కప్పుకుంటాడు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ మాటలోనే ఉంది. కెన్యాలో పుట్టినవారు బహ్రెయిన్‌కు పతకాలు తేవడం, మరాఠ్వాడా రైతుబిడ్డ ‘సర్వీసెస్’ పేరుతో జాతీయ రికార్డు కొట్టడం ఒకే సూత్రం మీద నడుస్తున్న సంగతులు.

పరుగు ఒంటరి ఆట. కబడ్డీలాగా పక్కవాడి చేయి పట్టుకునే పని లేదు. అయినా ఒంటరిగా వచ్చి పెద్ద పోటీలో నిలబడతానంటే కుదరదు. ఏదో ఒక సంఘం పేరు పంపాలి. ఆ సంఘం పేరే ఛాతీ మీద ఉంటుంది. దీన్ని ప్రాతినిధ్యం (ఎవరి పక్షాన పోటీకి దిగుతున్నారన్నది) అంటారు. ప్రాతినిధ్యం పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోయేది కాదు. మెట్టు మెట్టుకూ మారుతుంది.

గోదావరిఖనిలో ఒక పిల్ల బాగా ఉరుకుతోందనుకుందాం. మొదట ఆమె బడి జట్టు. తర్వాత మండలం. ఆ తర్వాత జిల్లా. అథ్లెటిక్స్ ఫెడరేషన్ నడిపే అంతర్ జిల్లాల జూనియర్ పోటీల్లో దేశం నలుమూలల పిల్లలు తమ జిల్లా పేరుతోనే దిగుతారు. పదిహేనేళ్ల పిల్లకు జీవితంలో మొదటి ‘దేశం’ జిల్లాయే. ఆ పైన రాష్ట్రం. ఉద్యోగం వస్తే సర్వీసెస్ (త్రివిధ దళాల ఉమ్మడి జట్టు), లేదా రైల్వేస్. అన్నిటికీ పైన భారత్.

మన ప్రాంతంలో ఈ మెట్లు కూడా కుదురుగా లేవు. గోదావరిఖని 2016 అక్టోబర్ 11కు ముందు కరీంనగర్ జిల్లా. ఆ రోజు నుంచి పెద్దపల్లి జిల్లా. బెల్లంపల్లి ఆదిలాబాద్ నుంచి మంచిర్యాలకు, భైంసా నిర్మల్‌కు మారాయి. బడుల క్రీడల్లో మాత్రం ‘ఉమ్మడి కరీంనగర్’, ‘ఉమ్మడి ఆదిలాబాద్’ అనే లెక్క చాలాచోట్ల కొనసాగుతోంది. రాష్ట్రం సంగతీ అంతే. 2011లో రాంచీ జాతీయ క్రీడలకు వెళ్లిన ఆదిలాబాద్ క్రీడాకారుడి జెర్సీ మీద ఆంధ్రప్రదేశ్ ఉంది. 2015 కేరళ క్రీడల నాటికి తెలంగాణ వేరే జట్టు. అదే ఊరు, అవే కాళ్లు, అదే అమ్మ వండిన జొన్నరొట్టె. జెర్సీ మీద అక్షరాలు మాత్రం మారాయి. సరిహద్దు గీత జరిగినప్పుడు మనిషి కదలకుండానే ప్రాతినిధ్యం మారుతుందని ఈ ప్రాంతం వారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

గీత జరగకుండా మనిషే జరిగేది ఉద్యోగం దగ్గర. అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

తెలంగాణలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలు మూడు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్. వీటిలో పిల్లలు చిన్న తరగతుల నుంచే హాస్టల్‌లో ఉండి చదువుకుంటూ ఆడతారు. ఉట్నూరు ఐటీడీఏ (గిరిజన ప్రాంతాల అభివృద్ధి సంస్థ) కింద ఉన్న ఆశ్రమ పాఠశాలల్లో గోండు, కొలాం, లంబాడా పిల్లలు ఉన్నారు. అంటే బాల్యానికి ఒక నీడ ఉంది. వేళకు అన్నం, వేళకు పరుగు, చూసుకునే పీఈటీ సారు ఉన్నారు. ఇంటర్ పూర్తయ్యాక ఆ నీడ ఒక్కసారిగా పోతుంది.

సరిగ్గా ఆ వయసులోనే దూరపరుగు అసలు సాధన మొదలవుతుంది. మనిషి ఎంత దూరం ఎంత వేగంతో ఉరకగలడన్నది కండల బలంతోనే తేలదు. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎంత రక్తం నెడుతోంది, కండరాల్లోని సన్నని రక్తనాళాలు ఎంత దట్టంగా పెరిగాయి, కణాలు ఆమ్లజనిని ఎంత బాగా వాడుకుంటున్నాయి అన్నవాటితో తేలుతుంది. ఇవి నెలల్లో పెరిగేవి కావు. ఏళ్ల తరబడి, వారానికి వంద కిలోమీటర్లకు పైగా ఉరికితే నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే దూరపరుగు వారు ఎక్కువగా ఇరవై ఐదు దాటాకే తమ శిఖరానికి చేరతారు. పద్దెనిమిదేళ్లకు హాస్టల్ వదిలిన పిల్లకు, ఆ శిఖరానికీ మధ్య ఆరేడేళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎవరు అన్నం పెడతారు? ఉదయం ముప్పై రౌండ్లు ఉరికాక పగలు పడుకోనిచ్చేది ఎవరు? పగలంతా కూలికి వెళ్లి సాయంత్రం ఇంటర్వెల్స్ (వేగంగా, నెమ్మదిగా మార్చి మార్చి చేసే పరుగు సాధన) చేయడం సాధ్యం కాదు. శరీరం ఒప్పుకోదు.

ఆ ప్రశ్నకు దేశంలో గట్టిగా జవాబు చెబుతున్నవి ప్రధానంగా సైన్యం, రైల్వే.

అవినాశ్ సాబ్లే కథ దీనికి మంచి ఉదాహరణ. ఆయనది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మాండ్వా గ్రామం. బీడ్, కరీంనగర్, ఆదిలాబాద్ 1956 నవంబర్ 1 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. నేల, వాన, పత్తి, కరువు చూసినా మనకు దూరపు ఊరేమీ కాదు. సాబ్లే పన్నెండో తరగతి అయ్యాక ఇంటి భారం మోయడానికి మహార్ రెజిమెంట్‌లో సిపాయిగా చేరారు. సియాచిన్‌లో, రాజస్థాన్‌లో, సిక్కింలో పనిచేశారు. పోటీ పరుగు మొదలైంది ఆ తర్వాతే, సైన్యం లోపలి క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా నేలబాటల్లో సాగే దూరపరుగు) పోటీలతో. తర్వాత స్టీపుల్‌ఛేజ్ (అడ్డుగట్లు, నీటిగుంట దాటుతూ 3000 మీటర్లు ఉరికే పందెం) పట్టుకున్నారు. 2018లో భువనేశ్వర్‌లో గోపాల్ సైనీ పేరిట 1981 నుంచి ఉన్న జాతీయ రికార్డును దాటారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 8 నిమిషాల 11.20 సెకన్లతో రజతం గెలిచారు. 1998 నుంచి అప్పటిదాకా కామన్వెల్త్‌లో ఆ పందెంలో మూడు పతకాలూ కెన్యావే. స్వర్ణానికీ ఆయనకూ తేడా సెకనులో ఇరవయ్యో వంతు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది.

ఈ కథలో వరుస గమనించండి. ముందు జీతం, తర్వాత పరుగు, ఆ తర్వాత పతకం.

రాష్ట్రాల పద్ధతి దీనికి తలకిందులు. ముందు పతకం, తర్వాత ఉద్యోగం. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ ప్రపంచ విజేత అయ్యాక డీఎస్పీ అయ్యారు. ఉత్తరప్రదేశ్ అమ్మాయి పారుల్ చౌదరి హాంగ్‌జౌలో 5000 మీటర్ల స్వర్ణం గెలిచాక, చివరి మీటర్లలో తన మనసులో మెదిలింది తమ రాష్ట్రం ఇచ్చే డీఎస్పీ ఉద్యోగమేనని దాపరికం లేకుండా చెప్పారు. ఈ బహుమతులు న్యాయమైనవే. అవి అందుకున్నవారికి ప్రతి రూపాయికీ హక్కుంది. కానీ అవి గమ్యం దగ్గర పెట్టిన దీపాలు. దారిలో చీకటి అలాగే ఉంది. పతకం దాకా రాగలిగినవారికే ఆ వెలుగు అందుతుంది.

అందుకే ఉత్తర తెలంగాణ పిల్లవాడు సైన్యం జెర్సీ వేసుకుంటే రాష్ట్రానికి ద్రోహం చేసినట్టు మాట్లాడటం తప్పని నా అభిప్రాయం. ఖాళీ ఏళ్లలో అన్నం పెట్టినవారి పేరు వాడి ఛాతీ మీద ఉంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఈ ఏర్పాటు బలం జాతీయ క్రీడల పట్టికలో కనబడుతుంది. 2015లో, 2022లో, 2025లో మొదటి స్థానం ఏ రాష్ట్రానికీ రాలేదు. సర్వీసెస్‌కు వచ్చింది.

అథ్లెటిక్స్ ఫెడరేషన్ దీనికి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. ఏడాదిలో పెట్టే పెద్ద పోటీల్లో రెండింటిని చూడండి. జాతీయ అంతర్‌రాష్ట్ర పోటీల్లో అందరూ సొంత రాష్ట్రం తరఫునే దిగాలి. జాతీయ ఓపెన్ పోటీల్లో సర్వీసెస్, రైల్వేస్ వంటి సంస్థల జట్లు ఉంటాయి. అందుకే ఒకే సాబ్లే ఒకచోట మహారాష్ట్ర, ఇంకోచోట సర్వీసెస్. మనిషికి రెండు ఇళ్లు ఉండవచ్చని నియమమే ఒప్పుకుంటోంది. రాష్ట్రం మారాలంటే మాత్రం పాత సంఘం నుంచి ఎన్‌ఓసీ (తమకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) కావాలి. ఈ చిన్న కాగితాన్ని గుర్తుంచుకోండి. ప్రపంచస్థాయిలో ఇదే పెద్ద కథ అవుతుంది.

ఇప్పుడు కెన్యా వెళ్దాం. ఒలింపిక్స్‌లో ఒక పందెంలో ఒక దేశం నుంచి ముగ్గురికి మించి దిగడానికి వీల్లేదు. చాలా దేశాలకు ఆ ముగ్గురే దొరకరు. కెన్యా, ఇథియోపియాల విషయంలో మాత్రం ప్రపంచంలోని మొదటి ఇరవై మందిలో పదిమంది వారే ఉన్న సందర్భాలు ఉంటాయి. నాలుగోవాడు ఇంట్లో కూర్చోవాలి. ఇంకోపక్క డబ్బుండి, పరుగువీరులు లేని దేశాలు ఉన్నాయి. ఇక్కడ మిగులు, అక్కడ కొరత. మధ్యలో పాస్‌పోర్టు వంతెన అయింది.

స్టీఫెన్ చెరోనో 2002 కామన్వెల్త్ క్రీడల్లో కెన్యాకు స్టీపుల్‌ఛేజ్ స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడాది సైఫ్ సయీద్ షాహీన్ అనే కొత్త పేరుతో, ఖతార్ జెర్సీలో, పారిస్‌లో ప్రపంచ విజేత అయ్యారు. జీవితాంతం నెలనెలా భత్యం ఒప్పందంలో భాగమని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ఫైనల్లో ఆయన అన్న అబ్రహాం చెరోనో కెన్యా తరఫున ఉరికారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే గీత దగ్గర, రెండు దేశాలు. 2004లో షాహీన్ 7 నిమిషాల 53.63 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టారు. ఆ ఏడాదే ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మాత్రం దిగలేకపోయారు. దేశం మారినవారు ఒలింపిక్స్‌కు మూడేళ్లు ఆగాలి. పాత దేశం ఒప్పుకుంటే ఆ గడువు తగ్గుతుంది. కెన్యా ఒప్పుకోలేదు. మనం చూసిన ఎన్‌ఓసీ ఇదే. ఏథెన్స్‌లో ఆ పందెం మూడు పతకాలూ కెన్యావే అయ్యాయి. లోకంలో అత్యంత వేగంగా ఆ దూరం ఉరికే మనిషి బయట ఉండిపోయాడు.

ఖతార్, బహ్రెయిన్ అనగానే కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్లలో ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఈ ఊళ్ల నుంచి రెండు మూడు తరాల మగవాళ్లు అక్కడికి పనికి వెళ్లారు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు అక్కడి ఎండలో భవనాలు కట్టారు. వారి దగ్గర ఉన్నది వీసా, అకామా (నివాస అనుమతి కార్డు). కంపెనీ వద్దంటే తిరుగు ప్రయాణం. పౌరసత్వం మాట ఎవరూ ఎత్తరు. అదే దేశాలు ఒక పరుగువీరుడికి ఇంకా అక్కడ ఎండ కూడా తగలకముందే పాస్‌పోర్టు చేతిలో పెట్టాయి. దీన్ని చూసి ఆ పరుగువీరుడి మీద కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. అతడూ పేద ఇంటి నుంచి వలస వచ్చిన కార్మికుడే. అతడి పనిముట్లు కాళ్లు. తేడా ఒక్కటే, అతడి పనికి ఆ దేశం జెండా కావాలి. మన మేస్త్రీ పనికి అక్కర్లేదు.

జెండా కోసం ఇచ్చిన పౌరసత్వం ఎంత గట్టిదో 2007లో తెలిసింది. కెన్యాలో పుట్టిన లియొనార్డ్ ముచెరూ, ముషీర్ సాలెం జవహర్ పేరుతో బహ్రెయిన్ తరఫున ఉరికేవారు. ఆ జనవరిలో ఇజ్రాయెల్‌లోని తిబెరియాస్ మారథాన్ గెలిచారు. ఇజ్రాయెల్‌లో ఉరికినందుకు ఆయన పౌరసత్వం తీసేస్తున్నట్టు బహ్రెయిన్ ప్రకటించింది. అకామా రద్దు అనే మాట మన ఊళ్లలో ఎంత భయం పుట్టిస్తుందో తెలిసినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. కాగితం పేరు పాస్‌పోర్టు అయినా, దాని స్వభావం కూలి ఒప్పందమే.

ఇలాంటివి పెరగడంతో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2017 ఫిబ్రవరిలో దేశం మార్పులను పూర్తిగా ఆపేసింది. 2018 జూలైలో కొత్త నియమాలతో మళ్లీ తెరిచింది. ఇరవై ఏళ్లు నిండకుండా మారకూడదు. మారాక మూడేళ్లు ఆగాలి. కొత్త దేశానికి ఒక్కసారే మారవచ్చు. ఆ దేశం పూర్తి పౌరసత్వం, పూర్తి హక్కులు ఇస్తోందని రుజువు చూపాలి. ఈ చివరి షరతే అన్నిటికన్నా విలువైనదని నేను అనుకుంటాను. మిగతావి దేశాల తగవు తీర్చేవి. ఇది మనిషిని కాపాడేది.

పరుగువీరులు ఇలా దేశాలు మారడం వల్ల దెబ్బ మన వాళ్లకూ తగిలింది. హాంగ్‌జౌ 10,000 మీటర్లలో కార్తీక్ కుమార్ రజతం, గుల్వీర్ సింగ్ కాంస్యం గెలిచారు. స్వర్ణం ఇథియోపియాలో పుట్టి బహ్రెయిన్ తరఫున ఉరికిన బిర్హాను బాలెవ్‌ది. కార్తీక్‌కూ ఆయనకూ తేడా రెండు సెకన్ల లోపే. మహిళల స్టీపుల్‌ఛేజ్‌లో పారుల్ చౌదరి ముందు నిలిచింది కెన్యాలో పుట్టిన విన్‌ఫ్రెడ్ యావీ. ఆమె మరుసటి ఏడాది పారిస్‌లో ఒలింపిక్ విజేత. ఆసియా దూరపరుగు పందేల్లో మన పిల్లలు ఆసియాతో మాత్రమే పోటీ పడటం లేదు. ఆఫ్రికా కొండలతో కూడా పడుతున్నారు. ఒక రకంగా అది మేలే. హాంగ్‌జౌలో బాలెవ్ వెనకాల ఉరికినవాడికి ప్రపంచ వేగం ఏమిటో కాళ్లకు తెలుస్తుంది.

భారత్ మాత్రం ఈ బాటలో ఏ వైపూ నడవలేదు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. 2008 చివర్లో క్రీడా మంత్రిత్వ శాఖ భారత పాస్‌పోర్టు ఉన్నవారే భారత్‌కు ఆడాలని తేల్చింది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాల వారికి ఇచ్చే శాశ్వత వీసా) సరిపోదు. అంటే కరీంనగర్ దంపతులకు అమెరికాలో పుట్టి, అక్కడి కాలేజీ జట్టులో బాగా ఉరికే అమ్మాయి తాతగారి దేశానికి ఉరకాలనుకుంటే అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. అంత త్యాగం ఎవరినీ అడగలేం. కాబట్టి భారత దూరపరుగు బలం ఇక్కడి ఊళ్ల నుంచే రావాలి. డబ్బు పెట్టి తెచ్చుకునే దారి మూసి ఉంది. అలా మూసి ఉండటమే మంచిదని నాకనిపిస్తుంది.

ఇక్కడి ఊళ్లలో ఇప్పుడు ఒక మార్పు వచ్చింది. 2022 జూన్ నుంచి సైన్యంలో సిపాయి నియామకం అగ్నిపథ్ ద్వారా జరుగుతోంది. నాలుగేళ్ల సేవ. ఆ తర్వాత కొనసాగేది నాలుగో వంతు మంది దాకానే. ఇప్పటికే పతకాలున్న క్రీడాకారులను హవల్దార్, నాయబ్ సుబేదార్ హోదాల్లో నేరుగా తీసుకునే దారి వేరే ఉంది. కానీ సాబ్లే అలా రాలేదు. ఏ పతకమూ లేని సిపాయిగా వచ్చి, ఏళ్ల తర్వాత పరుగులో తేలారు. అలాంటివాడు ఇప్పుడు పద్దెనిమిదికి చేరితే ఇరవై రెండుకే బయటికి రావచ్చు. దూరపరుగు వాడికి అది పందెం సగంలో గంట కొట్టినట్టు. పతకానికి ముందే జీతం అనే ఏర్పాటు సన్నబడితే ఆ బరువు రాష్ట్రం మీద పడుతుంది. గ్రామస్థాయి నుంచి సాగే సీఎం కప్ పోటీలు పిల్లల్ని గుర్తించగలవు. గుర్తించాక పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు దాకా నెలనెలా భత్యమో, ఉద్యోగమో ఇచ్చి నిలబెట్టగలిగితే ‘తెలంగాణ’ అన్న జెర్సీకి కాళ్లు దొరుకుతాయి.

జట్టు ప్రశ్న ఇంకా తెగని చోటు ఒకటి మన దగ్గరే ఉంది. కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం సరిహద్దులో పరందోళి, అంతాపూర్ పంచాయతీల గ్రామాలను తెలంగాణ తనవంటుంది, మహారాష్ట్ర తనవంటుంది. అక్కడివారికి రెండు రాష్ట్రాల ఓట్లు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఉన్నాయి. తెలుగు బడీ ఉంది, మరాఠీ బడీ ఉంది. రేపు ఆ గుట్టల మీద ఒక పిల్ల మేకల వెంట ఉరికి ఉరికి గొప్ప పరుగుగత్తె అయితే, పోటీ దరఖాస్తులో రాష్ట్రం అన్న గడి దగ్గర ఏం రాయాలి? రెండూ నిజమే. కానీ గడి ఒకటే. బడి పోటీలకు పేరు పంపేది బడే కాబట్టి, పొద్దున ఆమె పలక పట్టుకుని ఏ బడి వైపు నడిచిందో ఆ రాష్ట్రమే ఆ గడిలో పడుతుంది.